సుంకం, అభయం: అష్రఫ్ ఘనీ ఉద్యోగ జీవితం

దుబాయి నగరం నుంచి అబూ ధాబీ వైపు సాగే షేక్ జాయెద్ రహదారి మీద సుమారు 35 కిలోమీటర్లు ప్రయాణిస్తే జెబెల్ అలీ వస్తుంది. అరబీలో ఆ పేరుకు 'అలీ కొండ' అని అర్థం. కొండ చిన్నది, రేవు చాలా పెద్దది. ఇసుక తీరాన్ని తవ్వి, సముద్రాన్ని లోపలికి రప్పించి కట్టిన ఈ కృత్రిమ నౌకాశ్రయాన్ని 1979 ఫిబ్రవరిలో బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ ప్రారంభించారు. 1985లో రేవును ఆనుకుని స్వేచ్ఛా వాణిజ్య మండలం ఏర్పడింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల్లోనూ, కోనసీమ, కడప పల్లెల్లోనూ ఈ పేరు వినని ఊరు అరుదు. అక్కడి గోదాముల్లో సరుకు మోసినవారు, క్రేన్లు నడిపినవారు, కార్మికుల వసతి గృహాల్లో ఏళ్ళు గడిపినవారు మనవాళ్ళలో చాలామంది ఉన్నారు.

ఆ రేవులో దిగే కంటైనర్లన్నీ ఎమిరేట్లలో అమ్ముడయ్యే సరుకు కాదు. వాటిలో గణనీయమైన భాగం అక్కడ చేతులు మారి మరో దేశానికి వెళుతుంది. అలా వెళ్ళే గమ్యాల్లో అఫ్ఘానిస్తాన్ ఒకటి. పాత కార్లు, టైర్లు, మొబైల్ ఫోన్లు, వంటనూనె, బట్టలు మళ్ళీ ఓడ ఎక్కి, జలసంధి దాటి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ చేరతాయి. లేదా అరేబియా సముద్రం మీదుగా కరాచీ చేరతాయి. అక్కడి నుంచి లారీల మీద రోజుల తరబడి ప్రయాణించి అఫ్ఘాన్ సరిహద్దు నాకాల దగ్గర ఆగుతాయి. ఆ నాకాల్లో వసూలయ్యే సుంకమే కాబూల్ ప్రభుత్వానికి ఉన్న కొద్దిపాటి సొంత రాబడిలో ముఖ్యమైనది.

2021 ఆగస్టు 18న ఎమిరేట్ల విదేశాంగ శాఖ ఒక చిన్న ప్రకటన చేసింది. అఫ్ఘానిస్తాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీకి, ఆయన కుటుంబానికి మానవతా దృష్టితో తమ దేశంలో ఆశ్రయం ఇచ్చామన్నది దాని సారాంశం. 20 ఏళ్ళ పాటు ఆ నాకాల రాబడిని ఒక ఖజానాలోకి తేవడానికి, తన దేశానికి సముద్రం వైపు దారులు వెతకడానికి పాటుపడిన అధికారి, చివరకు రేవులే సిరిగా ఎదిగిన దేశంలో అతిథిగా మిగిలారు. ఆయన జీవితాన్ని ఒక పారిపోయిన పాలకుడి కథగా చెప్పినవారు చాలామంది. సుంకం కోణం నుంచి చూస్తే ఆ కథ మరికొంత లోతుగా అర్థమవుతుంది.

మోటుపల్లి నుంచి ఇస్లామ్ ఖలా దాకా

సుంకానికీ రాజ్యానికీ ఉన్న సంబంధం తెలుగువారికి కొత్తది కాదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో, వీరభద్రాలయం దగ్గర, కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో వేయించిన శాసనం ఉంది. చరిత్రకారులు దాన్ని అభయశాసనం అంటారు. తుఫానుకు చిక్కి ఓడలు ఒడ్డుకు కొట్టుకువస్తే వాటిలోని సరుకంతటినీ పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మానుకున్నాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పై వంతుల్లో ఒక వంతు మాత్రమే సుంకంగా తీసుకుంటానని, మిగిలినది వర్తకులదేనని రాతి మీద మాట ఇచ్చాడు. కాకతీయ రాజ్యం పోయి రెడ్డిరాజులు వచ్చాక, 1358లో అనపోతారెడ్డి అదే రేవులో మళ్ళీ శాసనం వేయించవలసి వచ్చింది. పాలకుడు మారితే అభయం కొత్తగా రాయక తప్పదు. సుంకం అడిగే హక్కు, రక్షణ ఇచ్చే బాధ్యత ఒకే రాతి మీద ఉన్నాయన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

మచిలీపట్నాన్ని ఇప్పటికీ 'బందరు' అంటాం. రేవు అనే అర్థమున్న పారశీక పదం అది. బందర్ అబ్బాస్‌లో ఉన్నదీ ఆ మాటే. గోల్కొండ సుల్తానుల కాలంలో 17వ శతాబ్దపు ఓడలు మన బందరు నుంచి ఆ బందరుకు అద్దకం బట్టలు మోసుకెళ్ళాయి. అఫ్ఘానిస్తాన్‌లో కూడా ఒక బందరు ఉంది. ఉత్తరాన తాజికిస్తాన్ సరిహద్దులో ఉన్న షేర్ ఖాన్ బందర్. అది నదీ తీరపు నాకా. సముద్రం లేని దేశంలో సరిహద్దు నాకాలే రేవులు.

అలాంటివి మరికొన్ని ఉన్నాయి. పడమట ఇరాన్ వైపు ఇస్లామ్ ఖలా, నైరుతిలో జరంజ్, తుర్క్‌మెనిస్తాన్ వైపు తోర్‌ఘుండీ, ఉజ్బెకిస్తాన్ వైపు హైరతాన్, పాకిస్తాన్ వైపు తోర్ఖమ్, స్పిన్ బోల్దక్. పాకిస్తాన్‌తో 1965లో కుదిరిన రవాణా ఒప్పందం చాలాకాలం కరాచీ దారిని తెరిచి ఉంచింది. అయితే పొరుగు దేశంతో మాట తేడా వచ్చినప్పుడల్లా లారీలు నాకా దగ్గర నిలిచిపోయేవి, ద్రాక్షపళ్ళు, దానిమ్మలు కుళ్ళిపోయేవి. బందర్ అబ్బాస్ దారి ఇరాన్ మీద, దాని మీద ఉన్న ఆంక్షల మీద ఆధారపడింది. ఏ దారి చూసినా తాళంచెవి మరొకరి చేతిలో ఉంది.

చదువులు, వలస

మొహమ్మద్ అష్రఫ్ ఘనీ 1949లో కాబూల్‌కు దక్షిణాన ఉన్న లోగర్ ప్రాంతంలో, పష్తూన్లలోని అహ్మద్‌జాయ్ తెగకు చెందిన పలుకుబడి గల కుటుంబంలో పుట్టారు. కాబూల్‌లో హబీబియా పాఠశాలలో చదువుకున్నారు. 1966-67లో విద్యార్థుల మార్పిడి పథకం కింద అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో ఒక ఏడాది చదివారు. తర్వాత బేరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో 1973లో పట్టా తీసుకున్నారు. భార్య రూలా అక్కడే పరిచయమయ్యారు. ఆమె లెబనాన్‌కు చెందిన క్రైస్తవ కుటుంబపు అమ్మాయి.

కొంతకాలం కాబూల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1977లో మానవశాస్త్రంలో ఉన్నత విద్య కోసం న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. రెండేళ్ళలో తిరిగి రావాలన్నది అప్పటి ఆలోచన. 1978 ఏప్రిల్‌లో కాబూల్‌లో కమ్యూనిస్టులు అధికారాన్ని చేజిక్కించుకున్నారు. ఘనీ కుటుంబంలోని మగవాళ్ళలో చాలామందిని జైల్లో పెట్టారు. రెండేళ్ళ ప్రయాణం 24 ఏళ్ళ ప్రవాసంగా మారింది.

1983లో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథం 1747 నుంచి 1901 వరకు అఫ్ఘానిస్తాన్‌లో ఉత్పత్తి, ఆధిపత్యం అనే అంశాల మీద రాసినది. అహ్మద్ షా దుర్రానీ రాజ్యస్థాపనతో మొదలై అమీర్ అబ్దుర్ రహమాన్ మరణంతో ముగిసే కాలం అది. తెగల సమూహం రాజ్యంగా ఎలా మారుతుంది, రాబడి ఎవరి దగ్గర నుంచి ఎవరి చేతికి చేరుతుంది అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఆయనను విడవలేదు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో 1991 దాకా బోధించి, ప్రపంచ బ్యాంకులో చేరారు. అక్కడ ఆయన చేసిన పనుల్లో రష్యా బొగ్గు గనుల సంస్కరణ ఒకటి.

ఆ దశకంలోనే ఆయనకు కడుపులో క్యాన్సర్ వచ్చింది. శస్త్రచికిత్సలో జీర్ణాశయంలో అధిక భాగాన్ని తీసివేశారు. ఇలాంటి శస్త్రచికిత్స జరిగినవారు ఒక పూట కడుపునిండా తినలేరు. తిన్నది నిలవ ఉండే సంచీ లేకపోవడంతో ఆహారం నేరుగా చిన్నపేగులోకి దిగిపోతుంది. ఎక్కువ తింటే గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం వంటి ఇబ్బందులు వస్తాయి. బి12 విటమిన్ శరీరానికి పట్టదు, దాన్ని బయటి నుంచి ఇవ్వాలి. అందుకే రోజుకు ఆరేడుసార్లు కొంచెం కొంచెంగా తినవలసి ఉంటుంది. ఆ శరీరంతోనే ఆయన రోజుకు పన్నెండు గంటలకు పైగా పనిచేసేవారని దగ్గరగా చూసినవారు రాశారు. ముక్కోపి అని, ఎదుటివారి మాట పూర్తి కానివ్వరని కూడా వారే రాశారు.

ఖజానాకు దారి

2001 డిసెంబరులో, తాలిబాన్ పతనం తర్వాత, ఘనీ కాబూల్‌కు తిరిగి వచ్చారు. తొలుత హమీద్ కర్జాయ్‌కు సలహాదారు. 2002 జూన్ నుంచి 2004 డిసెంబరు వరకు ఆర్థిక మంత్రి. ఆయన ఉద్యోగ జీవితంలో అత్యుత్తమమైన ఘట్టం ఈ రెండున్నర ఏళ్ళే అనడం అతిశయోక్తి కాదు.

మొదటి సమస్య నాణెం. అప్పటికి దేశంలో ఒకటికి మించిన రకాల అఫ్ఘానీ నోట్లు చలామణిలో ఉన్నాయి. ఉత్తరాన జనరల్ దోస్తుమ్ ముద్రించుకున్న నోట్లకు విలువ సగమే. 2002 అక్టోబరు నుంచి కొత్త అఫ్ఘానీ వచ్చింది. పాతవి 1,000 ఇస్తే కొత్తది ఒకటి. దోస్తుమ్ నోట్లయితే 2,000. బ్యాంకుల శాఖలు పనిచేయని దేశంలో ఈ మార్పిడికి తోడ్పడినవారు హవాలా వర్తకులు. కొద్ది నెలల్లో కొత్త నోటు దేశమంతటా చెల్లుబాటయింది. యుద్ధంలో ఉన్న దేశానికి ఇది చిన్న విజయం కాదు.

రెండవ సమస్య సుంకం. ఇస్లామ్ ఖలా నాకా పడమటి నగరమైన హేరాత్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. జెబెల్ అలీలో ఓడ ఎక్కిన సరుకు బందర్ అబ్బాస్ మీదుగా అఫ్ఘానిస్తాన్‌లో అడుగుపెట్టేది ప్రధానంగా ఈ నాకా దగ్గరే. కాని అక్కడి సుంకం కాబూల్‌కు చేరేది కాదు. హేరాత్ గవర్నరు ఇస్మాయిల్ ఖాన్ దానితో సొంత సైన్యాన్ని పోషించేవారు. రోడ్లు వేయించేవారు, పార్కులు పెట్టించేవారు, తనను 'అమీర్' అని పిలిపించుకునేవారు. సోవియట్ సైన్యంతో పోరాడిన వీరుడిగా ఆయనకు పేరుంది. మిగిలిన సరిహద్దు రాష్ట్రాల్లోనూ ఇదే తంతు.

2003 మే నెలలో కర్జాయ్ పన్నెండుమంది గవర్నర్లను కాబూల్‌కు పిలిపించి, సుంకం రాబడిని కేంద్ర ఖజానాకు జమచేస్తామని ఒప్పందం మీద సంతకాలు చేయించారు. ఒప్పుకోకపోతే తానే పదవి వదిలేస్తానని హెచ్చరించారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఘనీ స్వయంగా హేరాత్ వెళ్ళి, ఇస్మాయిల్ ఖాన్ దగ్గర నుంచి 2 కోట్ల డాలర్లు కాబూల్ ఖజానాకు రాబట్టారు. వెంట పటాలం లేదు. ఒక చేతిలో లెక్కల పుస్తకం, వెనక అంతర్జాతీయ సమాజపు మాట, అంతే. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇస్మాయిల్ ఖాన్‌ను గవర్నరు పదవి నుంచి తప్పించి, తర్వాత కాబూల్‌లో విద్యుత్తు, జలవనరుల మంత్రిని చేశారు.

మూడవ సమస్య దాతల సొమ్ము. విదేశీ సహాయంలో అధికభాగం ప్రభుత్వ ఖజానాను తాకకుండా సంస్థల చేతుల మీదుగా ఖర్చయ్యేది. కాబూల్ ఆఫీసులో గుమాస్తా జీతం కన్నా విదేశీ సంస్థలో డ్రైవరు జీతం ఎన్నో రెట్లు ఎక్కువ. టీచర్లు, డాక్టర్లు ఉద్యోగాలు మాని దుబాసీలుగా చేరారు. ప్రభుత్వాన్ని నిలబెడతామని వచ్చిన సొమ్మే ప్రభుత్వాన్ని ఖాళీ చేస్తున్నదని ఘనీ దాతల ముఖం మీదే చెప్పారు. ఆ వాదన ఫలితమే 2003లో మొదలైన జాతీయ సంఘీభావ కార్యక్రమం. ఊరు తన మండలిని రహస్య ఓటుతో ఎన్నుకుంటుంది. కుటుంబానికి 200 డాలర్ల లెక్కన, ఊరికి 60,000 డాలర్లకు మించకుండా నిధులు వస్తాయి. బావి తవ్వాలో, కాలువ బాగుచేయాలో, కరెంటు తెచ్చుకోవాలో ఊరే నిర్ణయిస్తుంది. ఇండోనేషియాలోని ఒక పథకం దీనికి నమూనా. మన దగ్గర జన్మభూమి గ్రామసభలను, వెలుగు పథకపు మహిళా సంఘాలను చూసినవారికి దీని పోకడ తేలికగానే అర్థమవుతుంది. వేలాది ఊళ్ళకు ప్రభుత్వం అనేది తుపాకీ కాకుండా మరో రూపంలో కనిపించింది మొదటిసారి ఈ పథకంలోనే.

రోగనిర్ణయం చేసిన పుస్తకం

2004 ఎన్నికల తర్వాత కర్జాయ్ కొత్త మంత్రివర్గంలో ఘనీ లేరు. 2008 వరకు కాబూల్ విశ్వవిద్యాలయానికి అధిపతిగా పనిచేశారు. ఆ ఏడాదే క్లేర్ లాక్‌హార్ట్‌తో కలిసి విఫల రాజ్యాలను చక్కదిద్దడం గురించి ఒక పుస్తకం ప్రచురించారు. రాజ్యం నిర్వర్తించవలసిన పది విధులను అందులో వరుసగా వివరించారు. చట్టబద్ధ పాలన, బలప్రయోగం మీద ఏకైక అధికారం, ప్రభుత్వ ధనం నిర్వహణ, ప్రజల విద్యారోగ్యాలు, పౌరహక్కులు, రోడ్లు, విపణి వగైరాలు ఆ జాబితాలో ఉన్నాయి. ఒక విధి కుంటుపడితే మిగిలినవీ వరుసగా కుంటుపడతాయన్నది వారి వాదన. మూత్రపిండాలు దెబ్బతింటే గుండె, ఎముకలు, రక్తం అన్నీ దెబ్బతిన్నట్టే ఇదీ.

రోగనిర్ణయంలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. కాని పుస్తకంలో రోగి పడుకుని ఉంటాడు, వైద్యుడు చెప్పినట్టు వింటాడు. దేశం అలా పడుకోదు. 2009లో అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఘనీకి వచ్చినవి 3 శాతం ఓట్లు మాత్రమే. దేశానికి ఏం కావాలో తనకు తెలుసునని నమ్మిన మనిషికి, తానేమిటో దేశానికి తెలియదని ఆ లెక్క చెప్పింది.

సముద్రం కోసం వెతుకులాట

2014లో ఆయన మళ్ళీ పోటీ చేశారు. రెండో విడత పోలింగులో భారీగా అక్రమాలు జరిగాయన్న ఆరోపణలు వచ్చాయి. ప్రత్యర్థి డాక్టర్ అబ్దుల్లా అబ్దుల్లా ఫలితాన్ని ఒప్పుకోలేదు. ఆయన వృత్తిరీత్యా కంటి వైద్యుడు. అమెరికా మధ్యవర్తిత్వంతో ఇద్దరూ అధికారాన్ని పంచుకున్నారు. సెప్టెంబరు 29న ఘనీ అధ్యక్షుడిగా, అబ్దుల్లా ప్రధాన కార్యనిర్వాహకుడిగా ప్రమాణం చేశారు.

పదవి చేపట్టిన వెంటనే ఘనీ కాబూల్ బ్యాంకు కేసును తిరగతోడించారు. 2010లో కుప్పకూలిన ఆ బ్యాంకు నుంచి సుమారు 90 కోట్ల డాలర్లు దారిమళ్ళాయి. ఆ సొమ్ములో కొంత దుబాయి సముద్రంలో ఖర్జూర చెట్టు ఆకారంలో కట్టిన పామ్ జుమైరా ద్వీపం మీద విల్లాలుగా మారింది. జెబెల్ అలీ నుంచి కాబూల్‌కు సరుకు వెళ్ళే దారి ఒకటైతే, కాబూల్ నుంచి దుబాయికి డబ్బు వచ్చే దారి మరొకటి. రెండో దారిలో నాకాలు లేవు.

మొదటి దారి విషయంలో ఆయన పట్టుదల చూపారు. 2016 మే 23న టెహ్రాన్‌లో భారత ప్రధాని నరేంద్ర మోదీ, ఇరాన్ అధ్యక్షుడు హసన్ రూహానీలతో కలిసి చాబహార్ రేవు ఒప్పందంలో పాలుపంచుకున్నారు. చాబహార్ నుంచి జరంజ్ మీదుగా, భారత సరిహద్దు రహదారుల సంస్థ అంతకుముందే వేసిన 218 కిలోమీటర్ల జరంజ్-దెలారామ్ రహదారి మీదుగా సరుకు అఫ్ఘానిస్తాన్ చేరవచ్చు. పాకిస్తాన్‌ను దాటవలసిన అవసరం ఉండదు. 2017 అక్టోబరు 29న గుజరాత్‌లోని కాండ్లా నుంచి ఈ దారిన తొలి గోధుమల ఓడ బయలుదేరింది. అదే ఏడాది జూన్‌లో కాబూల్-ఢిల్లీ వైమానిక సరుకు రవాణా మొదలైంది. కాబూల్ నుంచి వచ్చిన తొలి విమానంలో దిగినది ప్రధానంగా ఇంగువ. మన పులిహోరకు, పప్పుచారుకు తగిలే ఆ వాసన ఎన్ని సరిహద్దులు దాటి వస్తుందో మనం సాధారణంగా ఆలోచించం. 2020 డిసెంబరులో ఇరాన్‌లోని ఖాఫ్ నుంచి హేరాత్ వైపు రైలుమార్గం కూడా ప్రారంభమైంది.

ఈ దారుల వెంట మనవాళ్ళ నెత్తురు కూడా చిందింది. 2006 ఏప్రిల్ చివరలో, ఒక గల్ఫ్ కంపెనీ తరఫున అఫ్ఘానిస్తాన్‌లో పనిచేస్తున్న హైదరాబాదు టెలికాం ఇంజినీరును జాబుల్ రాష్ట్రంలో తాలిబాన్లు అపహరించి చంపారు. ఆ వార్త వచ్చిన రోజు చాలా తెలుగు ఇళ్ళలో మొదటిసారి ఆ దేశపు పటం తెరిచి చూశారు.

దారులు తెరుచుకున్నా రాజ్యం గట్టిపడలేదు. ప్రభుత్వ వ్యయంలో నాలుగింట మూడు వంతులు అప్పటికీ విదేశీ సహాయమే. ఘనీ నిర్ణయాలన్నిటినీ తన చుట్టూ ఉన్న కొద్దిమంది చేతుల్లోకి తెచ్చారు. మంత్రిత్వ శాఖలు చేయవలసిన పని రాజభవనం నుంచి జరిగింది. ప్రాంతీయ నాయకులను బలహీనపరచడం 2003లో సరైన మందు. ఆ నాయకులు తప్ప యుద్ధం చేయగలవారు మిగలని రోజుల్లో కూడా అదే మందు వేశారు. 2019 సెప్టెంబరు ఎన్నికల్లో ఓటు వేసినవారే తక్కువ. ఫలితం అయిదు నెలల తర్వాత వచ్చింది. 2020 మార్చి 9న ఘనీ, అబ్దుల్లా వేర్వేరుగా, ఒకే రోజు, అధ్యక్షులుగా ప్రమాణం చేశారు. దానికి తొమ్మిది రోజుల ముందు, ఫిబ్రవరి 29న, దోహాలో అమెరికా తాలిబాన్‌తో ఒప్పందం చేసుకుంది. కాబూల్ ప్రభుత్వానికి ఆ బల్ల దగ్గర కుర్చీ వేయలేదు.

నాకాలు పోయిన వేసవి

2021 ఏప్రిల్‌లో అమెరికా తన సైన్యాన్ని పూర్తిగా వెనక్కి రప్పిస్తామని ప్రకటించింది. ఆ వేసవిలో తాలిబాన్ అనుసరించిన క్రమం చూస్తే, రాజ్యం ఎక్కడ బతుకుతుందో వారికి బాగా తెలుసునని అర్థమవుతుంది. జూన్ 22న షేర్ ఖాన్ బందర్ పడిపోయింది. జూలై రెండవ వారంలో ఇస్లామ్ ఖలా, తోర్‌ఘుండీ పడిపోయాయి. జూలై 14న స్పిన్ బోల్దక్. అప్పటికి ఒక్క రాష్ట్ర రాజధాని కూడా వారి చేతికి రాలేదు. నగరాలకన్నా ముందు నాకాలు పోయాయి. లారీలు ఆగలేదు. సుంకం కట్టించుకునే చేయి మాత్రం మారింది.

ఆగస్టు 6న జరంజ్ పడిపోయింది. తాలిబాన్ పట్టుకున్న తొలి రాష్ట్ర రాజధాని అదే. చాబహార్ దారి మొదలయ్యేదీ అక్కడే. ఆగస్టు 10న తాత్కాలిక ఆర్థిక మంత్రి ఖాలిద్ పాయెందా రాజీనామా చేసి దేశం విడిచారు. కస్టమ్స్ నాకాలు చేజారి రాబడి పడిపోయిందన్నది ఆయన శాఖ ప్రతినిధి చెప్పిన కారణాల్లో ఒకటి. ఒకనాడు ఘనీ కూర్చున్న కుర్చీ అది. కొన్ని నెలల తర్వాత పాయెందా వాషింగ్టన్‌లో ఊబర్ కారు నడుపుతున్నట్టు పత్రికలు రాశాయి. ఆగస్టు 12న హేరాత్ పడిపోయింది. డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో మళ్ళీ తుపాకీ పట్టి నగరాన్ని కాపాడబోయిన ఇస్మాయిల్ ఖాన్ బందీగా చిక్కారు. 18 ఏళ్ళ క్రితం సుంకం విషయమై ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిలో ఒకరు బందీ, మరొకరు మూడు రోజుల్లో ప్రవాసి.

ఆగస్టు 15న ఘనీ హెలికాప్టర్లో ఉజ్బెకిస్తాన్ చేరి, అక్కడి నుంచి అబూ ధాబీ వెళ్ళారు. ఉండి ఉంటే కాబూల్‌లో నెత్తురు పారేదని, 25 ఏళ్ళ క్రితం జరిగినదే తనకూ జరిగేదని ఆయన తర్వాత వీడియో ప్రకటనలో చెప్పారు. 1996 సెప్టెంబరులో మాజీ అధ్యక్షుడు డాక్టర్ నజీబుల్లాను తాలిబాన్లు చంపి వీధిలో వేలాడదీసిన సంగతి ఆయన మనసులో ఉంది. ఆ భయం కల్పితం కాదు. డిసెంబరులో బీబీసీకి ఇచ్చిన ముఖాముఖిలో, నిర్ణయానికి తనకు రెండు నిమిషాలకు మించి వ్యవధి లేదని అన్నారు.

ఆయన సంచుల నిండా డబ్బు తీసుకువెళ్ళారన్న ప్రచారం బాగా సాగింది. అమెరికా ప్రభుత్వానికి చెందిన అఫ్ఘాన్ పునర్నిర్మాణ తనిఖీ సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 16.9 కోట్ల డాలర్ల కథ నమ్మదగినది కాదు. హెలికాప్టర్లలో ఉన్నది సుమారు 5 లక్షల డాలర్లు కావచ్చునని అది తేల్చింది. జీవితమంతా లెక్కల స్వచ్ఛత గురించి మాట్లాడిన మనిషి విషయంలో ఈ తేడాను చెప్పడం న్యాయం. కాని కాబూల్ విమానాశ్రయం గోడల దగ్గర బిడ్డలను ఎత్తి సైనికులకు అందించిన తల్లులకు ఆ తేడా ఊరట ఇవ్వదు. వారి ఫిర్యాదు డబ్బు గురించి కాదు.

అభయం

ఆ తర్వాత జరిగినది ఘనీ సిద్ధాంతానికి మరింత కఠినమైన పరీక్ష. తాలిబాన్ ప్రభుత్వం నాకాలన్నిటి సుంకాన్ని ఒకే ఖజానాలోకి తెచ్చింది. దారిలో మామూళ్ళు తగ్గాయి. విదేశీ సహాయం ఆగిపోయినా, సొంత రాబడి నిలబడిందని ప్రపంచ బ్యాంకు నివేదికలే చెప్పాయి. 2003లో ఘనీ లెక్కల పుస్తకంతో సాధించాలనుకున్నదాన్ని వారు తుపాకీతో సాధించారు. ఎమిరేట్లకు కూడా ఇబ్బంది రాలేదు. 2022 మే నెలలో అబూ ధాబీ కంపెనీ ఒకటి అఫ్ఘాన్ విమానాశ్రయాల్లో సేవల నిర్వహణకు తాలిబాన్‌తో ఒప్పందం చేసుకుంది. 2024 ఆగస్టులో తాలిబాన్ రాయబారిని ఎమిరేట్లు అంగీకరించాయి. పదవీచ్యుతుడైన అధ్యక్షుడికి ఆశ్రయమిచ్చిన దేశం, ఆయనను దించినవారి రాయబారికీ చోటిచ్చింది. జెబెల్ అలీ కంటైనర్లు కాబూల్‌కు వెళుతూనే ఉన్నాయి.

సుంకం సక్రమంగా వసూలైతే రాజ్యం బాగుపడుతుందా? ఆ ఖజానా నడిపే రాజ్యంలో 2021 నుంచి బాలికలకు ఆరవ తరగతి దాటి బడి లేదు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు ఆడవారికి మూసుకున్నాయి. 2024 డిసెంబరులో నర్సింగు, మంత్రసాని విద్యలు కూడా వారికి నిషిద్ధమయ్యాయి. మగ వైద్యుడి దగ్గరకు వెళ్ళడానికే ఆంక్షలున్న సమాజంలో, ఆడవారు మంత్రసాని పని నేర్చుకోకూడదంటే, కాన్పు కష్టమైన రాత్రి ఆ ఇంటికి వచ్చేవారెవరు? ఇప్పుడున్న మంత్రసానులు వయసు మళ్ళి తప్పుకున్నకొద్దీ ఈ ప్రశ్న తీవ్రమవుతుంది. కాన్పులో రక్తస్రావం మొదలైతే గంటలోపు చేయి పడాలి. ఖజానాలో ఎంత సొమ్ము ఉన్నా ఆ చేయిని సరిహద్దు నాకా దగ్గర దిగుమతి చేసుకోలేరు.

మోటుపల్లి శాసనానికి ఇక్కడే అర్థం తెలుస్తుంది. గణపతిదేవుడు సుంకపు రేటు మాత్రమే రాయించి ఊరుకుంటే అది పన్నుల పట్టిక అయ్యేది. తుఫానుకు చిక్కినవాడిని దోచుకోను అన్న మాట దాన్ని అభయశాసనం చేసింది. ఘనీ సుంకం వైపు అర్ధభాగాన్ని తన తరంలో అందరికన్నా బాగా అర్థం చేసుకున్నారు. ఒక నాణెం, ఒక ఖజానా, ఊరికి అందే నిధి, సముద్రానికి దారి, ఇవన్నీ నిజమైన పనులు. వాటి వల్ల మేలు పొందిన ఊళ్ళు ఉన్నాయి. రెండో అర్ధభాగాన్ని, తుఫాను వచ్చినప్పుడు ఒడ్డున నిలబడతానన్న మాటను, ఆయన నిలుపుకోలేకపోయారు. ఆయన తర్వాత వచ్చినవారు ఆ మాటను దేశంలో సగం మందికి ఇవ్వనే లేదు.

అబూ ధాబీ రహదారి మీద జెబెల్ అలీ దాటేటప్పుడు క్రేన్ల వరుస చాలాసేపు కనిపిస్తుంది. ఆ క్రేన్లు దించే పెట్టెల్లో కొన్ని ఇప్పటికీ బందర్ అబ్బాస్ మీదుగా ఇస్లామ్ ఖలాకు వెళతాయి. అక్కడ లారీ ఆగుతుంది, కాగితాల మీద ముద్ర పడుతుంది, సుంకం కట్టించుకుంటారు. ఎవరి కోసం అన్న ప్రశ్నకు జవాబు ఆ రసీదు మీద ఉండదు.